చనిపోయి దొరికిన వన్యప్రాణి ఎవరి సొత్తు? బడిలో భద్రపరచుకోవచ్చా?

ప్రశ్న: బయాలజీ మాస్టారు

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. మూడు రోజుల క్రితం తెల్లవారుజామున బడికి వెళ్తుండగా రోడ్డు పక్కన ఒక గుడ్లగూబ చనిపోయి కనిపించింది. రాత్రి ఏదో వాహనం తగిలి ఉంటుందని అనుకున్నాను. ఒక రెక్క విరిగింది తప్ప ఒంటి మీద పైకి కనిపించే గాయం లేదు. అలాగే వదిలేస్తే తర్వాత వచ్చే లారీల కింద నలిగిపోతుందని, పిల్లలకు రెక్కల నిర్మాణం, కాలి గోళ్ల అమరిక దగ్గరగా చూపించడానికి పనికివస్తుందని భావించి, గుడ్డలో చుట్టి తీసుకువెళ్లి బడిలోని ఫ్రీజర్‌లో ఉంచాను. స్పిరిట్‌లో గానీ, లోపల దూది నింపి గానీ దానిని నిలవ ఉంచాలన్నది నా ఉద్దేశం.

ఈ సంగతి విన్న తోటి ఉపాధ్యాయుడొకరు ఇది నేరమని, వెంటనే ఎక్కడైనా పాతిపెట్టి ఊరుకోమని హెచ్చరించారు. నేను దానిని చంపలేదు, అమ్మబోవడం లేదు, ఇంటి అలంకారానికీ వాడబోవడం లేదు. చచ్చిన పక్షిని చదువు కోసం తీసుకోవడం నేరం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. పైగా మా ప్రయోగశాల బీరువాలో నేను చేరక ముందు నుంచే ఒక జత దుప్పి కొమ్ములు, ఒక తాబేటి డిప్ప ఉన్నాయి. అవి ఎప్పుడు, ఎవరు తెచ్చారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

దయచేసి తెలిసినవారు వివరించండి. చనిపోయి దొరికిన ప్రాణి విషయంలో, పొరపాటున మన చేతిలో చనిపోయిన ప్రాణి విషయంలో నియమాలు ఏమిటి? ఇప్పుడు నేను చేయవలసింది ఏమిటి?

సమాధానం: వన్యప్రాణి న్యాయవాది

మాస్టారూ, ముందుగా ఒక మాట. దానిని పాతిపెట్టకండి. మీ మిత్రులు మేలుకోరి చెప్పినా, ఆ సలహా మిమ్మల్ని ఉన్న ఇబ్బంది నుంచి ఇంకా పెద్ద ఇబ్బందిలోకి నెడుతుంది. ఎందుకో వివరిస్తాను.

మన దేశంలో ఈ విషయానికి ఆధారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులోని 39వ సెక్షన్ మీరు అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెబుతుంది. చట్టాన్ని ఉల్లంఘించి వేటాడిన ప్రాణితో పాటు, చనిపోయి దొరికిన ప్రాణి, పొరపాటున చంపబడిన ప్రాణి కూడా రాష్ట్ర ప్రభుత్వ సొత్తే అవుతాయని ఆ సెక్షన్ స్పష్టంగా పేర్కొంటుంది. కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అభయారణ్యంలో గానీ జాతీయ ఉద్యానవనంలో గానీ అయితే కేంద్రానిది అవుతుంది. హానికర జంతువులుగా ప్రకటించినవి మాత్రమే దీనికి మినహాయింపు. అంటే మీరు రోడ్డు పక్కన వంగి ఆ గుడ్లగూబను చేతిలోకి తీసుకున్న క్షణాన, చట్టం దృష్టిలో ప్రభుత్వ ఆస్తిని చేతిలోకి తీసుకున్నారు.

అలా తీసుకోవడమే మహాపరాధమని చట్టం అనడం లేదు. ఏ విధంగానైనా అటువంటి ఆస్తి తన చేతికి వచ్చిన వ్యక్తి 48 గంటల లోపల దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు గానీ, అధీకృత అధికారికి గానీ తెలియజేయాలని, వారు కోరితే అప్పగించాలని చెబుతోంది. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, అధీకృత అధికారి గానీ ముందుగా రాతపూర్వక అనుమతి ఇవ్వకుండా దానిని దగ్గర ఉంచుకోవడం, ఇతరులకు ఇవ్వడం లేదా అమ్మడం, నాశనం చేయడం అనే మూడింటినీ అదే సెక్షన్ నిషేధిస్తోంది. పాతిపెట్టవద్దని నేను అన్నది ఈ మూడో దాని వల్లనే. ఉంచుకోవడం ఎంత తప్పో, గుట్టుగా రూపుమాపడం కూడా అంతే తప్పు.

మీకు 48 గంటల గడువు దాటిపోయింది. అయినా ఈరోజే తెలియజేయడానికి, ఎప్పటికీ తెలియజేయకపోవడానికి మధ్య చాలా దూరం ఉంది. దొరికిన తేదీ, సమయం, స్థలం, ఎవరు చూశారు, ఎక్కడ ఉంచారు అనే వివరాలతో అటవీ రేంజ్ కార్యాలయానికి ఒక ఉత్తరం రాయండి. దాని నకలు మీద అందినట్లు సంతకం, ముద్ర తీసుకోండి. గడువులో ఎందుకు తెలపలేకపోయారో ఉన్నది ఉన్నట్లు రాయండి. బడి తరఫున ప్రధానోపాధ్యాయుల సంతకం కూడా ఉంటే మంచిది.

‘నేను చంపలేదు కదా’ అన్న మీ ప్రశ్న న్యాయమైనదే. దాదాపు ప్రతి ఒక్కరూ అడిగేది అదే. దీనికి జవాబు 57వ సెక్షన్‌లో ఉంది. ఒక వ్యక్తి దగ్గర వన్యప్రాణి గానీ, దాని శరీరభాగం గానీ ఉన్నట్లు రుజువైతే, అది చట్టవిరుద్ధంగా ఉందనే న్యాయస్థానం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత ఆ వ్యక్తి మీదే ఉంటుంది. సాధారణ నేరాల్లో ఇటువంటి భారం నిందితుడి మీద ఉండదు. ఇక్కడ ఎందుకు పెట్టారంటే, చచ్చిన జంతువు తాను ఎలా చచ్చిందో చెప్పలేదు. ఉచ్చు బిగించి చంపినవాడు, విషం పెట్టినవాడు, వల వేసినవాడు, అందరూ చెప్పే మాట ‘అది అప్పటికే చచ్చిపడి ఉంది’ అనే కదా. ఆ మాటను నమ్మి వదిలేస్తే, వేటను నిషేధించిన చట్టం కాగితం మీదే మిగిలిపోతుంది. అందుకే చట్టం ప్రాణి ఎలా చచ్చిందన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఎవరి చేతిలో ఉంది, ఏ అనుమతితో ఉంది అని అడుగుతుంది. మీలాంటి సదుద్దేశం గలవారికి అది కఠినంగా తోస్తుంది. నేను దానిని కాదనను.

ఇక కొమ్ములు, డిప్ప సంగతి. చట్టంలో ‘ట్రోఫీ’ అన్న మాటకు గోడకు తగిలించే పులి తల అని మాత్రమే అర్థం లేదు. కొమ్ము, ఎముక, డిప్ప, గవ్వ, వెంట్రుక, ఈక, గోరు, పన్ను, దంతం, గుడ్డు, గూడు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. కనుక మీ బీరువాలోని రెండు వస్తువులూ అందులో పడతాయి. ఇటువంటి పాత నిల్వలను వెల్లడించడానికి కేంద్రం 2003లో ప్రత్యేక నియమాలు చేసి 180 రోజుల గడువు ఇచ్చింది. అప్పుడు వెల్లడించి యాజమాన్య ధ్రువపత్రం పొందినవారి పరిస్థితి వేరు. బడి పాత దస్త్రాల్లో అటువంటి పత్రం ఏదైనా ఉందేమో ముందు వెతికించండి. లేకపోతే గుడ్లగూబ గురించి రాసే ఉత్తరంలోనే వీటినీ చేర్చండి. తనిఖీలో బయటపడటం కన్నా మీరే చెప్పడం అన్ని విధాలా మేలు.

శిక్షల విషయం కూడా తెలిసి ఉండాలి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. సాధారణ ఉల్లంఘనలకు 3 సంవత్సరాల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. మొదటి షెడ్యూలులోని, అంటే చట్టం అత్యధిక రక్షణ ఇచ్చిన జాబితాలోని, ప్రాణుల విషయంలో కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 7 సంవత్సరాల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా ఉంటాయి. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. చదువు కోసమే అయినా అనుమతి కాగితం ముందు, వస్తువు తర్వాత అన్న వరస ఎందుకు తప్పనిసరో తెలియాలని చెబుతున్నాను.

సమాధానం: పశువైద్యురాలు

న్యాయవాది గారు చెప్పిన దానికి నేను చేర్చవలసింది ఒకటుంది, దానిని చట్టం కన్నా ముందు చెప్పాలి. మాస్టారూ, ఆ పక్షిని వట్టి చేతులతో ముట్టుకున్నారా? పిల్లలెవరైనా ముట్టుకున్నారా? దానిని పెట్టిన ఫ్రీజర్‌లో తినే పదార్థాలేమైనా ఉన్నాయా?

రోడ్డు పక్కన పడి ఉన్న ప్రతి ప్రాణీ వాహనం తగిలే చనిపోదు. జబ్బుపడి ఎగరలేక, పరిగెత్తలేక రోడ్డు మీదికి వచ్చిన ప్రాణిని వాహనం గుద్దడం మేము తరచుగా చూసే సంగతి. అప్పుడు విరిగిన రెక్క మనకు కనిపిస్తుంది, లోపలి జబ్బు కనిపించదు. పక్షుల్లో బర్డ్ ఫ్లూ ఉండవచ్చు. ఎలుకలను తినే పక్షి అయితే ఎలుకల మందు దాని ఒంట్లో చేరి ఉండవచ్చు. నక్క, ముంగిస, గబ్బిలం వంటి వాటిలో రేబిస్ ఉండే అవకాశం ఉంది, ఆ వైరస్ జంతువు చనిపోగానే నశించదు. ఆంత్రాక్స్ అనుమానం ఉన్న కళేబరాన్ని, అంటే ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతున్న కళేబరాన్ని, ఎట్టి పరిస్థితిలోనూ కోయకూడదు. కోస్తే లోపలి సూక్ష్మజీవులకు గాలి తగిలి గట్టి సిద్ధబీజాలుగా మారతాయి, అవి మట్టిలో దశాబ్దాల పాటు బతికి ఉంటాయి.

అడవి అంచు ఊళ్లలో కోతులు చనిపోయి కనిపించడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో, క్యాసనూరు అడవిలో కోతులు వరసగా చనిపోతుండగా, దగ్గరి ఊళ్లలో మనుషులకు తీవ్రమైన జ్వరం వచ్చింది. గోమార్లు, అంటే అడవి పిడుదులు, మోసుకువచ్చే వైరస్ దానికి కారణమని తేలింది. జనం దానిని ఇప్పటికీ కోతి జ్వరం అంటారు. చచ్చిన కోతి ఒళ్లు చల్లబడగానే దాని మీది పిడుదులు కొత్త ఆశ్రయం కోసం దిగిపోతాయి. అటువంటి చోట కళేబరాన్ని జాలితో ఎత్తి పక్కన పెట్టడం కూడా ప్రమాదమే. మనం ముట్టుకోకుండా కబురు చేయాలి, ఆ కబురే ఊరికి ముందస్తు హెచ్చరిక అవుతుంది.

అమెరికాలో 1999లో ఇలాంటిదే జరిగింది. న్యూయార్క్‌లో కాకులు, వాటితో పాటు బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలోని పక్షులు చనిపోవడం మొదలైంది. ఆ కళేబరాలను పరీక్షించిన పశువైద్య నిపుణురాలు ట్రేసీ మెక్‌నమారా, అప్పటికే నగరంలో మనుషులకు వస్తున్న మెదడువాపుకూ పక్షుల మరణాలకూ సంబంధం ఉందని పట్టుబట్టారు. చివరికి అది వెస్ట్ నైల్ వైరస్ అని, ఆ ఖండంలో అంతకు ముందు కనిపించనిదని బయటపడింది. ఆ కాకులను ఎవరికి వారు పాతిపెట్టి ఊరుకుని ఉంటే ఆ సంబంధం తెలియడానికి ఇంకెంత కాలం పట్టేదో.

కాబట్టి మాస్టారూ, ఆ పక్షిని ఇక తెరవకండి, కరగనివ్వకండి. చేతి తొడుగులతో, ఉన్న సంచికి పైన ఇంకొక సంచి వేసి కట్టి, తేదీ రాసి అలాగే ఉంచండి. చేతులు, బల్ల, ఫ్రీజర్ పిడి సబ్బుతో కడగండి. పది రోజుల పాటు మీకు గానీ, ముట్టుకున్న పిల్లలకు గానీ జ్వరం వస్తే వైద్యుడికి ఈ సంగతి తప్పక చెప్పండి.

ప్రశ్నించినవారు: బయాలజీ మాస్టారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పిల్లలెవరూ ముట్టుకోలేదు, ఆ ఫ్రీజర్‌లో తినే పదార్థాలు లేవు. నేను మాత్రం వట్టి చేతులతోనే ఎత్తాను, అది తప్పేనని ఇప్పుడు తెలిసింది. ఉత్తరం సిద్ధం చేశాను, రేపు ఉదయం ఇస్తాను.

ఒక సందేహం మాత్రం మిగిలింది. దుప్పి ఏటా కొమ్ములు రాల్చుకుంటుంది, నెమలి ఏటా పింఛం రాల్చుకుంటుంది. ప్రాణి తనంతట తాను వదిలేసినదానికీ చచ్చిన ప్రాణి శరీరానికీ తేడా లేదా?

సమాధానం: రైతుబిడ్డ

మాస్టారి సందేహానికి న్యాయవాది గారు జవాబు చెబుతారు. నేను మరొక మాట చెప్పదలచాను. ఇక్కడ అందరూ ‘తెలియజేయండి’ అని సులువుగా అంటున్నారు. తెలియజేసినవాడికి ఏమవుతుందో కూడా చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం మా చేను గట్టు మీద ఒక నెమలి చచ్చిపడి ఉంటే మా నాన్న తానే వెళ్లి కబురు చెప్పారు. ఆయనను రెండు రోజులు పిలిపించి, పురుగుమందు ఎప్పుడు కొట్టావు, గింజలకు మందు ఎందుకు పట్టించావు అని అడిగిందే అడిగారు. చివరికి ఆయన తప్పేమీ లేదని తేలింది. కానీ కోతల రోజుల్లో రెండు రోజుల పని పోయింది, ఊళ్లో తల దించుకోవలసి వచ్చింది. ఆ తర్వాత మా ఊళ్లో ఏది చచ్చినా గోతిలోకే వెళుతోంది, కబురు బయటికి పోవడం లేదు. నియమం మంచిదే కావచ్చు. నిజం చెప్పినవాడిని దొంగలా చూసినంత కాలం ఆ నియమం వల్ల నిజం దాక్కుంటుందే తప్ప బయటికి రాదు. చట్టం చేసినవారు, అమలు చేసేవారు ఈ మాట ఆలోచించాలి.

సమాధానం: వన్యప్రాణి న్యాయవాది

రైతుబిడ్డ గారూ, మీ నాన్నగారికి జరిగింది అన్యాయం. కబురు చెప్పిన వ్యక్తిని సాక్షిగా చూడాలి, ఆధారం లేకుండా నిందితుడిగా చూడకూడదు. అందుకే నేను ప్రతిసారీ రాతపూర్వకంగా ఇవ్వమని, నకలు మీద ముద్ర వేయించుకోమని చెబుతాను. నోటిమాటగా చెప్పిన కబురు రెండు రోజుల తర్వాత ఎటైనా తిరుగుతుంది. 48 గంటల లోపల, సమయంతో సహా, ముద్రతో ఉన్న కాగితం మాత్రం మీ సదుద్దేశానికి గట్టి సాక్ష్యం. వీలైతే ఇద్దరు పొరుగువారి సంతకాలు, కళేబరాన్ని కదపక ముందు తీసిన ఫోటోలు జతచేయండి.

అయితే పొలాల విషయంలో ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. అడవి పందుల కోసమని చేను చుట్టూ విద్యుత్ తీగ పెట్టి, దానికి చిరుతపులో ఎలుగుబంటో తగిలి చస్తే, దానిని పొరపాటున జరిగిన మరణంగా చూపించే ప్రయత్నం చాలా కేసుల్లో జరుగుతుంది. అది నిలవదు. చట్టంలో వేట అన్న మాటకు ఉచ్చు వేయడం, బోను పెట్టడం, విషం పెట్టడం, వాటికి ప్రయత్నించడం కూడా అర్థాలే. ఏ ప్రాణి తగిలినా చావడానికే పెట్టిన తీగకు అనుకోని ప్రాణి తగిలిందని అంటే ప్రమాదం అనిపించుకోదు. రాత్రి మలుపులో హఠాత్తుగా అడ్డువచ్చిన దుప్పిని బ్రేకు వేసినా తప్పించలేకపోవడం ప్రమాదం. మీద పడిన ఎలుగుబంటి నుంచి తనను గానీ మరొకరిని గానీ కాపాడుకోవడానికి సదుద్దేశంతో చంపవలసి వస్తే అది నేరం కాదని 11వ సెక్షన్ చెబుతుంది. అప్పుడు కూడా కళేబరం ప్రభుత్వానిదే, చంపినవాడిది కాదు.

వాహనం తగిలి జంతువు చస్తే చేయవలసింది ఇది. బండి ఆపి, ఇతర వాహనాలకు ప్రమాదం లేకుండా చూసి, అటవీశాఖకు లేదా పోలీసులకు ఫోన్ చేయాలి. జంతువు ఇంకా బతికి ఉంటే దగ్గరికి వెళ్లకూడదు, భయంతో ఉన్న దుప్పి కాళ్లు విసిరితే మనిషి ఎముకలు విరుగుతాయి. డిక్కీలో వేసుకుని ఇంటికి తీసుకువెళ్లిన మరుక్షణం, అప్పటి దాకా ప్రమాదంగా ఉన్నది నేరంగా మారుతుంది. మాంసం వండుకున్నా, పక్కింటికి పంచిపెట్టినా అంతే.

మాస్టారి సందేహానికి వస్తాను. చట్టం రాలిన కొమ్ముకు, నరికిన కొమ్ముకు తేడా పెట్టలేదు. రెండూ ట్రోఫీలే. నెమలి తోక ఈకలకు మాత్రం వ్యాపార నిషేధం నుంచి మినహాయింపు ఉంది. దానికి కూడా హద్దు ఉంది. ఆ వెసులుబాటు తోక ఈకలకే గానీ నెమలి శరీరంలోని మరి దేనికీ వర్తించదు. రాలిన ఈక మొదలు ఎండి శుభ్రంగా ఉంటుంది, పీకిన ఈక మొదట రక్తం, కణజాలం అంటుకుని ఉంటాయి. పరీక్షలో ఆ తేడా బయటపడుతుంది. కొమ్ముల్లోనూ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. దుప్పి, కడితి మగవి ఏటా కొమ్ములు రాలుస్తాయి. కృష్ణజింక ఎప్పుడూ రాల్చదు. దాని మెలికల కొమ్ము లోపల పుర్రె నుంచి వచ్చిన ఎముక ఉంటుంది. కనుక ఎవరైనా కృష్ణజింక కొమ్మును చూపించి ‘అడవిలో రాలి దొరికింది’ అంటే ఆ మాట నిజం కాజాలదు. ఆ జింక చచ్చింది, లేదా చంపబడింది. మీ బీరువాలోని కొమ్ముల అడుగు భాగం చూడండి. గుండ్రంగా, కొంచెం ఉబ్బి, గరుకుగా ఉంటే రాలినవి. కింద పుర్రె ముక్క అంటుకుని ఉంటే రాలినవి కావు. ఈ గమనికను ఉత్తరంలో రాయండి, అధికారికి ఉపయోగపడుతుంది.

సమాధానం: ప్రవాసి

చాలా కాలంగా వేరే దేశాల్లో ఉంటున్నాను. ఇది మన దేశపు వింత కఠినత్వం అని ఎవరూ అనుకోకూడదని రాస్తున్నాను. ఒక్కొక్క దేశం ఒక్కొక్క దారిలో నడిచినా, దొరికినవాడిదే సొత్తు అని చెప్పే చోటు నేను చూసినంతలో లేదు.

స్వీడన్‌లో ఎలుగుబంటి, తోడేలు, లింక్స్, వుల్వరీన్ వంటివి చనిపోయి దొరికితే రాజ్యానివే. దుప్పి జాతులు, అడవి పంది, ఇంకా ఇటువంటి పెద్ద జంతువులను వాహనం గుద్దితే డ్రైవరు పోలీసులకు తెలపడం, చోటును గుర్తుపెట్టడం తప్పనిసరి. గాయపడి అడవిలోకి పారిపోయిన జంతువును వెతికి బాధ నుంచి తప్పించడానికి శిక్షణ ఉన్న వేటగాడిని పంపుతారు. ఆ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. మన దగ్గర గుద్దిన జంతువు పొదల్లోకి వెళ్లిపోతే దానిని ఎవరూ వెతకరు.

జర్మనీలో బతికి ఉన్న వన్యప్రాణి ఎవరి ఆస్తీ కాదు, కానీ వేటకు లోబడే జాతుల విషయంలో దానిని సొంతం చేసుకునే హక్కు ఆ ప్రాంతపు వేట హక్కుదారుకు మాత్రమే ఉంటుంది. చచ్చి దొరికిన జంతువు, రాలిన కొమ్ములు కూడా ఆ హక్కులోకే వస్తాయి. డ్రైవరు తన కారు కింద పడిన జింకను ఇంటికి తీసుకుపోతే అది దొంగవేట కిందికి వస్తుంది. మాస్టారు అడిగిన రాలిన కొమ్ముకు అక్కడా వెసులుబాటు లేదన్నమాట.

అమెరికాలో రాష్ట్రానికో నియమం ఉంది. మోంటానా 2013లో చట్టం చేసి, రోడ్డు మీద చచ్చిన దుప్పి, ఎల్క్, మూస్ వంటి వాటి మాంసాన్ని అనుమతిపత్రంతో తీసుకోవడానికి ఒప్పుకుంది. ఒరెగాన్‌లో 2019 నుంచి అటువంటి వెసులుబాటు ఉంది, కానీ 24 గంటల్లో అనుమతిపత్రం తీసుకోవాలి, 5 పనిదినాల్లో తలను, కొమ్ములను ప్రభుత్వానికి అప్పగించాలి. తల ఇస్తే జబ్బు పరీక్షలకు వీలవుతుంది. కొమ్ములు చేతికి రాకపోతే, వాటి కోసం కావాలని గుద్దేవాడికి ఆశ ఉండదు. అలాస్కాలో రోడ్డు మీద చచ్చిన మూస్ రాష్ట్రానిది, దాని మాంసాన్ని సేవాసంస్థలకు, అవసరమున్నవారికి పంచుతారు.

పక్షుల విషయంలో మాత్రం అమెరికా మనకన్నా ఏమీ తగ్గదు. 1918 నాటి వలసపక్షుల చట్టం కింద, తోటలో రాలిన పిచ్చుకంత అడవి పక్షి ఈకను దాచుకోవడానికి కూడా అనుమతి కావాలి. ఒకప్పుడు ఆడవారి టోపీల అలంకారం కోసం కొంగలను లక్షలుగా చంపిన చరిత్ర దాని వెనుక ఉంది. చచ్చిన గరుడ పక్షులను కొలరాడోలోని జాతీయ కేంద్రానికి పంపుతారు. మతపరమైన అవసరాల కోసం అక్కడి ఆదివాసులు దరఖాస్తు చేసుకుంటే, ఏళ్ల తరబడి వరసలో ఉన్నాక ఆ ఈకలు అందుతాయి.

బ్రిటన్‌లో చచ్చిన అడవి పక్షిని దగ్గర ఉంచుకోవచ్చు గానీ, అది చట్టవిరుద్ధంగా చంపినది కాదని చూపించవలసిన బాధ్యత ఉంచుకున్నవారిదే. అందుకే అక్కడ నమూనాలు తయారుచేసేవారు ప్రతి పక్షికీ ఎప్పుడు, ఎక్కడ, ఎలా దొరికిందో పుస్తకంలో రాసుకుంటారు.

ఒక హెచ్చరిక. ఒక దేశంలో సక్రమంగా తీసుకున్న ఎముకను, చర్మాన్ని, గవ్వను సరిహద్దు దాటించాలంటే మళ్లీ వేరే అనుమతి కావాలి. అంతరించే ప్రమాదం ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1973లో కుదిరి 1975 నుంచి అమలులో ఉన్న సైటీస్ ఒప్పందం బతికిన ప్రాణికీ, చచ్చిన ప్రాణికీ, గుర్తుపట్టగలిగిన దాని భాగానికీ ఒకేలా వర్తిస్తుంది.

సమాధానం: నమూనాల గది

ప్రకృతి చరిత్ర నమూనాలను భద్రపరచే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మాస్టారి కోరికను అందరూ కాదంటున్నట్లు అనిపించకూడదని రాస్తున్నాను. పిల్లలు నిజమైన రెక్కను చూడాలనుకోవడం మంచి కోరిక. దానికి దారి కూడా ఉంది. విద్య, శాస్త్ర పరిశోధన, మ్యూజియం నమూనాల వంటి అవసరాలకు ప్రత్యేక అనుమతులు ఇవ్వడానికి చట్టంలోని 12వ సెక్షన్ వీలు కల్పించింది. చచ్చి దొరికినవాటిని ఉంచుకోవడానికి 39వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి కోరవచ్చు. బడి పేరుతో దరఖాస్తు చేయండి. వ్యక్తి పేరుతో చేసిన దానికన్నా సంస్థ పేరుతో చేసిన దరఖాస్తుకు అనుమతి వచ్చే అవకాశం ఎక్కువ. రాకపోతే మ్యూజియాలకు, పశువైద్య కళాశాలలకు పిల్లలను తీసుకువెళ్లండి.

అప్పగించడం అంటే పోగొట్టుకోవడమని చాలామంది బాధపడతారు. నా అనుభవంలో, తేదీ, చోటు రాసి ఉన్న నమూనా ఒక్కటి, ఏ వివరమూ లేని వంద అందమైన నమూనాల కన్నా విలువైనది. డేగలు గుడ్లు నిలుపుకోలేకపోతున్న కాలంలో బ్రిటన్‌లో డెరెక్ రాట్‌క్లిఫ్ పాత సేకరణల్లోని గుడ్ల పెంకులను తూచి, కొలిచి, 1940ల చివరి నుంచి పెంకు పలచబడిందని 1967లో ప్రచురించారు. ఆ కాలమే డీడీటీ వాడకం పెరిగిన కాలం. పెంకుల మీద తేదీలు రాసి ఉండబట్టే ఆ సంగతి బయటపడింది.

మనకు ఇంకా దగ్గరి సంగతి రాబందులది. 1990ల్లో అవి కుప్పలుగా చచ్చిపోతుంటే కారణం ఏళ్ల పాటు ఎవరికీ అంతుపట్టలేదు. జబ్బు అన్నారు, తిండి లేక అన్నారు. చివరికి పాకిస్తాన్‌లో కళేబరాలను కోసి చూసిన శాస్త్రవేత్తలు, లోపలి అవయవాల మీద తెల్లని పొడిలా యూరిక్ ఆమ్లం పేరుకుని ఉండటం గమనించి, పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పిమందే కారణమని 2004లో తేల్చారు. 2006లో మన దేశం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. చచ్చిన రాబందును తాజాగా ఉండగానే పరీక్షకు చేర్చిన ప్రతి మనిషికీ ఆ నిషేధంలో వాటా ఉంది. మీ గుడ్లగూబ కాలేయంలో ఎలుకల మందు ఉందో లేదో తెలిస్తే, మీ చుట్టుపక్కల పొలాల గురించి అది చెప్పే సంగతి, గాజు సీసాలో మునిగి ఉన్న రెక్క చెప్పలేదు.

రైతుబిడ్డ గారి మాటతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కళేబరం తెచ్చినవారికి కుర్చీ వేసి కూర్చోబెట్టి, వివరాలు రాసుకుని, పరీక్షలో ఏం తేలిందో తర్వాత వారికి ఒక కార్డు ముక్క రాసినా చాలు, మరుసటి ఏడాది ఇంకా నలుగురు తెస్తారు. నేను పనిచేసిన చోట ఆ కార్డులు రాసేవాళ్లం, కాబట్టే చెబుతున్నాను.

ప్రశ్నించినవారు: బయాలజీ మాస్టారు

అందరికీ మరోసారి కృతజ్ఞతలు. ఉత్తరం ఇచ్చాను. అధికారి బడికి వచ్చి పంచనామా రాసి, గుడ్లగూబను ఐస్ పెట్టెలో తీసుకువెళ్లారు. ఆలస్యానికి నేను రాసిన సంజాయిషీని దస్త్రంలో చేర్చుకున్నారు. పశువైద్యురాలు గారు చెప్పినట్లు సంచిని తెరవలేదు. పరీక్ష ఫలితం తెలియజేయమని రాతపూర్వకంగా కోరాను.

కొమ్ముల అడుగు భాగం చూశాను. ఒకటి గుండ్రంగా, గరుకుగా ఉంది. రెండో దానికి అరంగుళం పుర్రె ఎముక అంటుకుని ఉంది. ఇన్నేళ్లుగా ఒకే జంతువు జత అనుకున్నవి రెండు వేర్వేరు జంతువులవి. ఆ రెండో కొమ్మును చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పాత దస్త్రాల్లో ధ్రువపత్రం దొరకలేదు. కొమ్ములు, డిప్ప కూడా పంచనామాలోకి ఎక్కాయి. డిప్పను బడిలో ఉంచుకోవడానికి ప్రధానోపాధ్యాయుల సంతకంతో దరఖాస్తు పంపాము. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.